పులిహోర మీదికి దూకిన కారు

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న, "ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి అంకుల్?" అని. అది నన్ను అడక్కండి. నాకొచ్చిన సాఫ్ట్‌వేర్లు నేను రిటైరయ్యేనాటికే మ్యూజియంలో పెట్టే స్థితికి వచ్చాయి. నేను చెప్పగలిగింది వేరే ఉంది. ఈ పనిలో తప్పు ఎలా చేస్తామో చెప్పగలను. అందులో నాకు మంచి అనుభవం ఉంది.

పని ఏమిటో తెలియనివాళ్ళ కోసం ముందు నాలుగు ముక్కలు. అమెరికాలో రెండు కార్లు గుద్దుకుంటే ముందు పోలీసు వస్తాడు, తర్వాత బండి లాక్కుపోయే టో ట్రక్కు వస్తుంది, ఆ తర్వాత లాయర్లు వస్తారు. ఆ లాయర్ల వెనకాల మేం వస్తాం. టైరు గీతలు కొలుస్తాం, సొట్టలు కొలుస్తాం, లేజర్ స్కానర్‌తో కారునీ చోటునీ లక్షల చుక్కలుగా కంప్యూటర్లోకి ఎక్కిస్తాం. లెక్కలు కట్టి, ప్రమాదం ఎలా జరిగిందో బొమ్మల వీడియో చేస్తాం. కోర్టులో జ్యూరీ, అంటే తీర్పు చెప్పడానికి ఊళ్ళోంచి పిలిపించిన పన్నెండు మంది మామూలు మనుషులు, ఆ వీడియో చూస్తారు. అప్పటిదాకా ఆవలిస్తున్నవాళ్ళు కూడా నిటారుగా కూర్చుంటారు. లాయర్లు మమ్మల్ని పెట్టుకునేది అందుకే.

మాది గుంటూరు. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి ఈ దేశం వచ్చి, శాన్ రామన్ అనే ఊళ్ళో ఇల్లు కొనుక్కుని, ఇరవై ఆరేళ్ళు ఇదే పని చేశాను. మా ఆవిడ దీన్ని గుద్దుళ్ళ సినిమా అనేది. ఎవరైనా "మీ వారు ఏం చేస్తారండీ?" అని అడిగితే "కార్టూన్లు గీస్తారు" అని చెప్పి, నేను కోప్పడే లోపల కాఫీ కలపడానికి వెళ్ళిపోయేది. చాలాకాలం అది వెటకారమనే అనుకున్నాను.

డగ్ సూత్రాలు

మా కంపెనీ యజమాని పేరు డగ్. ఈ పనిలోకి రాకముందు పరుపుల దుకాణాలకి టీవీ ప్రకటనలు తీసేవాడు. భౌతికశాస్త్రం మీద ఆయనకి గౌరవం లేకపోలేదు. దూరపు చుట్టం మీద ఉండేలాంటి గౌరవం అది. పెళ్ళికి పిలుస్తారు, సలహా అడగరు.

"జ్యూరీ లంచ్ చేసి వస్తారు మూర్తీ. కడుపు నిండినవాడికి నీ ఈక్వేషన్లు జోలపాట. నిద్రపోనివ్వకు" అనేవాడు.

నా మొదటి పెద్ద కేసు గోల్ఫ్ కార్టులది. రిటైరైనవాళ్ళ కాలనీలో ఇద్దరు పెద్దమనుషులు చెరో గోల్ఫ్ కార్టులో ఎదురెదురుగా వచ్చి గుద్దుకున్నారు. పట్టపగలు, ఖాళీ వీధి. ఒకరినొకరు చూసుకున్న దగ్గర్నుంచి గుద్దుకునేదాకా దాదాపు నిమిషం పట్టిందని నా లెక్కలో తేలింది. ఆ నిమిషమంతా ఇద్దరూ "వాడే తప్పుకుంటాడులే" అనుకున్నారు. ఉన్నదున్నట్టు వీడియో చేస్తే, చూసినవాళ్ళకి నవ్వాగలేదు. మమ్మల్ని పెట్టుకున్న లాయరు మొహం మాడిపోయింది.

"కొంచెం స్పీడ్ పెంచకూడదా?" అన్నాడాయన.

"లెక్క ఒప్పుకోదు" అన్నాను.

డగ్ కలగజేసుకుని "లెక్క జోలికి పోవద్దు. కెమెరా కిందికి దించు" అన్నాడు.

కెమెరాని నేలమట్టానికి దించి చక్రాల పక్కన పెట్టాను. అంతే! ఆ కుంటి బండ్లు రెండూ యుద్ధ రథాల్లా వచ్చాయి. డగ్ నాకు చెప్పకుండా చప్పుళ్ళు కూడా కలిపాడు. కోర్టులో వీడియో మొదలైన పది సెకన్లకే జడ్జిగారు ఆపించారు. "ఇవి బ్యాటరీ బండ్లు కదా, నాకు ఉరుములెందుకు వినిపిస్తున్నాయి?" అన్నారు. ఉరుములు తీసేశాం. కెమెరా గురించి మాత్రం ఎవరూ అడగలేదు. ఆ కేసు మేమే గెలిచాం.

ఇంకో సంగతి. మా వీడియోల్లో మనుషులకి మొహాలుండవు. బట్టల కొట్టులో నిలబెట్టే బొమ్మల్లా బూడిదరంగులో ఉంటారు. మొహం పెడితే జ్యూరీ ఆ మొహాన్ని బట్టి తీర్పు చెబుతుందని ఆ ఏర్పాటు. మొహం లేకపోతే ఎవరికీ అన్యాయం జరగదని నేను చాలా ఏళ్ళు నమ్మాను. చేతులూ కాళ్ళూ ఎక్కడ పెట్టాలో నిర్ణయించేది నేనేనన్న మాట నాకెప్పుడూ తట్టలేదు.

నాలుగు నిమ్మకాయలు

ఒకరోజు డగ్ కొత్త కేసు కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"మూర్తీ, దీన్ని దేవుడు నీకోసమే పంపాడు. కారు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలున్నాయట. ఎవరో కావాలనే పెట్టారట. ఇది హత్యాయత్నమా?"

"కాదు. పూజ."

"ఎవరికి?"

"కారుకి. నిమ్మకాయలు తొక్కిస్తే దిష్టి పోతుంది."

డగ్ ఫైల్లోంచి విరిగిన కాలి ఎక్స్‌రే తీసి వెలుతురుకి ఎత్తి చూశాడు. "పోయిందంటావా?" అన్నాడు.

కథ ఇది. మా ఊళ్ళోనే, మా ఇంటికి నాలుగు మైళ్ళ దూరంలో స్వప్న అనే అమ్మాయి ఉంది. డ్రైవింగ్ టీచర్. పెళ్ళి చేసుకుని కొత్తగా వచ్చిన అమ్మాయిలు, ఆరు నెలలకని వచ్చి పార్కు చుట్టూ తిరిగీ తిరిగీ విసుగెత్తిన పెద్దవాళ్ళు, అందరూ ఆమె దగ్గరే నేర్చుకున్నారు. ఈ చుట్టుపక్కల తెలుగు ఆడవాళ్ళలో సగం మంది ఫ్రీవే ఎక్కారంటే ఆ పుణ్యం స్వప్నదే. ఆ స్వప్న, మొగుడు కిరణ్ కలిసి ఒక సెకండ్ హ్యాండ్ ఎస్‌యూవీ కొన్నారు. కిరణ్ వాళ్ళమ్మ సుందరమ్మగారు అప్పుడే రాజమండ్రి నుంచి వచ్చి ఉన్నారు. సెకండ్ హ్యాండయితే మాత్రం పూజ మానుతామా, శర్మగారిని పిలిచారు.

వాళ్ళ ఇల్లు వీధికంటే పల్లంలో ఉంటుంది. డ్రైవ్‌వే వీధి నుంచి గరాజ్ వైపు దిగుతుంది. కారు ముక్కు గరాజ్ వైపు పెట్టి ఉంది. గరాజ్ తలుపు తెరిచి, లోపల బల్లలు వేసి, పులిహోర, దద్దోజనం, కేసరి పెట్టారు. బుద్ధున్నవాడెవడైనా కారుని వీధిలోకి రివర్స్ చేసి ఆ నిమ్మకాయలు తొక్కిస్తాడు. కానీ శర్మగారు "కొత్త బండి మొదటి అడుగు వెనక్కి వేయిస్తామా అమ్మా?" అన్నారు. అక్కడున్న ముప్పై మందిలో సగం ఇంజనీర్లే. ఒక్కరూ ఇదేమిటని అనలేదు. నేనున్నా అనేవాణ్ణి కాదు. ముందుకే, ఒక్క అడుగు, నిమ్మకాయలు చితికితే చాలు, ఆపేయాలి. అదీ ఏర్పాటు.

గరాజ్ లోపల బల్ల చివర కుర్చీలో పక్కింటి వాల్టర్ కూర్చుని ఉన్నాడు. డెబ్భై దాటిన మనిషి, ఒంటరివాడు, స్వప్న పులిహోరంటే ప్రాణం. హారతి కాకముందే ప్లేటు పట్టాడు.

స్వప్న డ్రైవర్ సీట్లో కూర్చుంది. కారు ఒక్క అడుగు కాదు, పద్నాలుగు అడుగులు వెళ్ళింది. బల్లని గుద్దింది. బల్ల వెళ్ళి వాల్టర్ ఎడమ కాలిని గోడకి అదిమింది. ఎముక రెండుచోట్ల విరిగింది. ప్లేటు మాత్రం వదల్లేదాయన. అంబులెన్స్ వచ్చేసరికి కూడా అది చేతిలోనే ఉందట.

మూడు ఫోన్లలో వీడియో తీస్తున్నారు. ఒకదాంట్లో హారతి పళ్ళెం ఉంది. రెండోదాంట్లో మొదటినుంచి చివరిదాకా కిరణ్ బొటనవేలుంది. మూడోదాంట్లో టైరు నిమ్మకాయ ఎక్కడం, ఒక కేక, ఆ తర్వాత ఆకాశం.

వాల్టర్‌కి కేసు వేసే ఉద్దేశం లేదు. శాక్రమెంటోలో ఉన్న కూతురు వేయించింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకో నాకు అర్థం కాలేదు కానీ, ఆ కత్తిపీట తరఫు లాయరు లిండా పెట్టుకున్నది మమ్మల్నే. డ్రైవింగ్ టీచరే బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కిందని రుజువు చేయాలి. రుజువైతే స్వప్న పని అయిపోయినట్టే. అప్పటికే డ్రైవింగ్ స్కూల్ వాళ్ళు ఆమెని కారు దింపి ఫోన్ల దగ్గర కూర్చోబెట్టారు. వాట్సాప్ గ్రూపుల్లో ఆమె మీద జోకులు తిరుగుతున్నాయి. వాటిలో ఒకటి మా ఆవిడ నాకు చూపించింది, నేను నవ్వాను కూడా. ఒప్పుకుంటున్నాను.

తువ్వాలు మనిషి

రెండు నెలల తర్వాత కారుని ఇన్సూరెన్స్ వాళ్ళ యార్డులో చూశాను. పాత మోడల్. ఏ పెడల్ ఎప్పుడు తొక్కారో రాసిపెట్టే పెట్టె అందులో లేదు. కారునీ, గరాజ్‌నీ స్కాన్ చేసుకుని, ఆఫీసుకొచ్చి లెక్కలు కట్టాను. పన్నెండు అడుగుల దాకా బ్రేకు పడలేదు. ఆఖరి రెండడుగుల్లో పడింది, గరాజ్ సిమెంటు మీద టైరు గీతలున్నాయి. మెకానిక్ బ్రేకులు పరీక్షించి భేషుగ్గా ఉన్నాయన్నాడు.

స్వప్న పోలీసులకి చెప్పింది వేరు. "బ్రేకే తొక్కాను. రాయి మీద కాలు పెట్టినట్టుంది, దిగలేదు" అని చెప్పింది. పెడల్ తప్పు తొక్కిన ప్రతివాళ్ళూ అదే మాట చెబుతారు. ఈ మాట నేను పాతికసార్లు విన్నాను. నా అనుభవమే నా కొంప ముంచింది.

ఇక వీడియో మొదలుపెట్టాం. శర్మగారితోనే చిక్కొచ్చింది. మా సాఫ్ట్‌వేర్లో పోలీసు ఉన్నాడు, డాక్టర్ ఉన్నాడు, తలకిందులుగా నిలబడే యోగా ఆవిడ కూడా ఉంది. పంచె కట్టినవాడు లేడు. వెతగ్గా వెతగ్గా దొరికినవాడు స్విమ్మింగ్ పూల్ కేసుల కోసం చేసిన తువ్వాలు చుట్టుకున్న మనిషి. వాడి తువ్వాలు కిందికి లాగి, చేతిలో హారతి పళ్ళెం పెట్టాను. డగ్ చూసి "ఈయన స్నానం మధ్యలో లేచి వచ్చాడా?" అన్నాడు.

డగ్ మనసంతా పులిహోర మీదే ఉంది. "రైస్ ఎగరాలి మూర్తీ. ప్రతి మెతుకూ విడివిడిగా ఎగరాలి" అన్నాడు. ప్రమాదానికీ మెతుకులకీ ఏం సంబంధమంటే "జ్యూరీ" అన్నాడు. ఆ మెతుకుల కోసం కంప్యూటర్ మూడు రోజులు ఆడింది. పోపులో వేరుశనగపప్పు బరువు వేరుగా ఉండాలని నేనే పట్టుబట్టి ఇంకో రోజు తిన్నాను. కళ్ళు చెదిరేలా వచ్చింది. నా వృత్తి జీవితంలో అంత శ్రద్ధగా దేన్నీ చేయలేదు.

స్వప్న కాలికి పట్టిన సమయం ఎంతో చెప్పనా? పది నిమిషాలు. బూడిదరంగు పాదం తీసి యాక్సిలరేటర్ మీద పెట్టాను. ఆఖరి రెండడుగుల దగ్గర తీసి బ్రేకు మీద పెట్టాను. అయిపోయింది, టీ తాగడానికి వెళ్ళాను.

నా లెక్క చెప్పింది బ్రేకు పడలేదని మాత్రమే. కాలు ఎక్కడుందో లెక్క చెప్పలేదు. వాలు డ్రైవ్‌వే మీద, గేర్లో ఉన్న కారు ఏ పెడల్ తొక్కకపోయినా ఆ వేగం అందుకోగలదు. అది నాకు తెలుసు. అయినా "బ్రేకు పడలేదు" అనేదాన్ని బొమ్మగా గీయడం ఎలా? కాలు ఎక్కడో ఒకచోట ఉండాలి కదా! ఉండాలని పెట్టాను. చాలామందికి జరిగే తప్పు కాబట్టి ఈమెకీ అదే జరిగిందనుకున్నాను.

మూడోసారి చూసినప్పుడు

విచారణకి ముందు ఇరుపక్షాల లాయర్లూ కూర్చుని సాక్షుల్ని ప్రశ్నలడుగుతారు, ప్రమాణం చేయించి, ప్రతి మాటా రాయించుకుంటూ. అలాంటి రోజున లిండా ఆఫీసులో నేనూ కూర్చున్నాను. ఎదురుగా స్వప్న. ముప్పై అయిదేళ్ళుంటాయేమో, సన్నగా, చురుగ్గా ఉంది. నన్ను చూసి తెలుగువాణ్ణని పోల్చుకుని చిన్నగా తలాడించింది. నేను కాగితాల్లోకి చూశాను.

లిండా వీడియో వేసింది. పైనుంచి ఒకసారి, పక్కనుంచి ఒకసారి, ఆఖర్న పెడల్స్ దగ్గర కెమెరా పెట్టి ఒకసారి.

మొదటిసారి చూసి స్వప్న "ఇది కరెక్ట్ కాదు. నేను బ్రేకే తొక్కాను" అంది గట్టిగా.

రెండోసారి తెర వైపు వంగి చూసింది.

మూడోసారి బూడిదరంగు కాలు యాక్సిలరేటర్ని నొక్కుతుంటే ఆమె బల్ల కింద తన కాలి వంక చూసుకుంది. "ఐ డోంట్ నో... మే బీ" అంది. లిండా వెంటనే ఆ మాట మళ్ళీ చెప్పించి రాయించుకుంది. స్వప్న లాయరు అభ్యంతరం చెప్పాడు, అదీ రాసుకున్నారు.

నాకు ఆనందం వేసింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆనందమే వేసింది. చూశారా, నిజం ఎదురుగా పెడితే ఒప్పుకోక తప్పలేదనుకున్నాను. ఇంటికొచ్చి మా ఆవిడకి చెబితే, ఆవిడ కూర తరుగుతూ "ఎద్దు ఈనిందంటే గాటికి కట్టేయమన్నాట్ట మీలాంటివాడే. ఆ అమ్మాయి ఇన్నేళ్ళుగా అందరికీ బ్రేకు నేర్పింది కదా, దాని మాట కాస్త వింటే ఏం పోయింది?" అంది. నీకు ఫిజిక్స్ తెలియదన్నాను.

సుందరమ్మగారి అభ్యంతరం

విచారణ రోజు వాల్టర్ చేతికర్రతో వచ్చాడు. సాక్ష్యం చెబుతూ "అందులో వేరుశనగపప్పు మరీ ఎక్కువగా వేగలేదు, అదే దాని గొప్పతనం" అన్నాడు. జడ్జిగారు రెండుసార్లు ఆయన్ని కాలి దగ్గరికి తీసుకురావాల్సి వచ్చింది.

తర్వాత నేను బోనెక్కాను. జడ్జిగారు జ్యూరీకి వివరంగా చెప్పారు. ఇది జరిగినదాని వీడియో కాదు, ఈ నిపుణుడి అభిప్రాయానికి బొమ్మ మాత్రమే, అంతకుమించి విలువ ఇవ్వకూడదు అన్నారు. పన్నెండు తలలూ ఊగాయి. లైట్లు తగ్గాయి. తువ్వాలు మనిషి హారతిచ్చాడు, టైర్లు నిమ్మకాయలెక్కాయి, బూడిదరంగు కాలు నొక్కింది, పులిహోర మెతుకు మెతుకూ గాల్లోకి లేచింది. జ్యూరీలో ఒకాయన "వావ్" అన్నాడు. స్వప్న తల వంచుకుని కూర్చుంది.

అప్పుడు వెనక బెంచీల్లోంచి ఒక కంఠం లేచింది. స్వచ్ఛమైన తెలుగు.

"ఇదేంటండీ ఇది! శర్మగారి కాయలు నాలుగూ చూపించారు, మరి నాదేదీ?"

సుందరమ్మగారు. పట్టుచీర, స్వెటర్, కాళ్ళకి స్పోర్ట్స్ షూస్. ఆవిడని ఎవరూ సాక్షిగా పిలవలేదు. ఆవిడకి ఇంగ్లీషు రాదు, చూసిందేమీ ఉండదని రెండు పక్షాలూ వదిలేశాయి.

"అమ్మా, ప్లీజ్, కూర్చో. ఇది కోర్టు" అని కిరణ్ చెయ్యి పట్టి లాగుతున్నాడు.

"కోర్టయితే? తప్పు చూపిస్తుంటే నోరు మూసుకోమంటావా? డాష్‌బోర్డు మీద పూలదండ చాటున నేను పెట్టిన కాయేదిరా? శర్మగారు వద్దన్నారని ఎవరికీ చెప్పకుండా పెట్టాను. ఇలాంటివి చెప్పుకోకూడదని ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. ఆ కాయే లేకపోతే పెద్దాయన కాలు కాదు, ప్రాణమే పోయేది! పేరంతా శర్మగారికేనా?"

జడ్జిగారు సుత్తి కొట్టారు. జ్యూరీని బయటికి పంపారు. ఆ తర్వాత కిరణ్ ఏదో చెప్పబోతే ఆపి, నా వైపు తిరిగారు.

"మిస్టర్ మూర్తీ, ఆవిడ భాష మీకు తెలుసా?"

"తెలుసు."

"ఏమంటున్నారావిడ?"

లిండా అభ్యంతరం చెప్పింది. జడ్జిగారు కొట్టేశారు. లిండా నా వంక చూసి తల కొద్దిగా అడ్డంగా ఊపింది. "పూజలో ఏదో తేడా ఉందంటున్నారు" అంటే సరిపోయేది. అది అబద్ధం కూడా కాదు. నోటిదాకా వచ్చింది.

కానీ ఆవిడ నిమ్మకాయని నేను చూశాను. యార్డులో స్కాన్ చేసినప్పుడు బ్రేకు పెడల్ వెనక, మ్యాట్‌కి అతుక్కుని, గోధుమరంగులో ఎండిపోయి చదునైన ముద్ద ఒకటుంది. ఫోటో కూడా తీశాను. అమెరికా కార్లలో కాళ్ళ దగ్గర దొరకని వస్తువు లేదు. బంగాళదుంప వేపుళ్ళు, పిల్లల సాక్సులు, కాఫీ మూతలు. మేం వాటన్నిటికీ చెత్త అని పేరు పెట్టి మోడల్లోంచి తుడిచేస్తాం, చూడ్డానికి శుభ్రంగా ఉంటుందని. దీన్నీ తుడిచేశాను. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి కార్లలో నిమ్మకాయలు చూస్తున్న గుంటూరు మనిషిని! నిమ్మకాయలు టైర్ల కింద నాలుగేనని కాగితంలో రాసుంది కాబట్టి అయిదోది నా కళ్ళకి ఆనలేదు.

టైర్లు కాయలెక్కినప్పుడు కారు కుదిపింది. డాష్‌బోర్డు మీది కాయ దొర్లి పెడల్ కిందికి పోయింది. స్వప్న బ్రేకు తొక్కింది, దిగలేదు. ఇంకా బలంగా తొక్కింది. చివరికి కాయ చితికింది, అప్పుడు బ్రేకు పడింది. రాయి మీద కాలు పెట్టినట్టుందని ఆ అమ్మాయి మొదటిరోజే చెప్పింది.

"యువర్ ఆనర్" అన్నాను. ఆవిడ మాటలు ఒక్కటీ వదలకుండా ఇంగ్లీషులో చెప్పాను, శర్మగారి మీద కోపంతో సహా. "ఆ కాయ ఎక్కడుందో కూడా నాకు తెలుసు. నా దగ్గర ఫోటో ఉంది. నేనే దాన్ని వీడియోలోంచి తీసేశాను" అన్నాను.

లిండా పెన్ను బల్ల మీద పడేసింది. స్వప్న తలెత్తి నన్ను చూసింది. ఆ చూపు ఇప్పటికీ నాకు మింగుడుపడదు.

మర్నాడు జడ్జిగారి ఆజ్ఞ మీద రెండు పక్షాలవాళ్ళం యార్డుకి వెళ్ళాం. మ్యాట్ ఎత్తితే ఎండిన తొక్క, రెండు గింజలు, పెడల్ వెనక రబ్బరు మీద రసం మరక. ఫ్రిజ్‌లోంచి తీసి పెట్టానని సుందరమ్మగారు తర్వాత చెప్పారు. అంత గట్టిగా ఎందుకుందో అప్పుడు అర్థమైంది. వారం తిరక్కుండా వాల్టర్ కూతురు కేసు వెనక్కి తీయించింది.

సుందరమ్మగారు మాత్రం తగ్గలేదు. "శర్మగారు వద్దనకపోతే తీరిగ్గా కుంకుమ పెట్టి, కింద గుడ్డ వేసి కూర్చోబెట్టేదాన్ని. దొర్లేదా?" అన్నారు. శర్మగారు అప్పట్నుంచి పూజకి ముందు కారంతా వెతికిస్తున్నారని విన్నాను. ఇక డగ్! "మూర్తీ, మన వీడియో చూసే కదా ఆవిడ నిజం బయటపెట్టింది? ఇది బ్రోషర్లో వేసుకోవచ్చు" అన్నాడు. ఆ నెలాఖరుకే రిటైర్మెంట్ కాగితం ఇచ్చాను.

ఆఖరి వీడియో

పిల్లలూ, ఇక్కడ నీతి చెప్పి లేచిపోవాలని నాకూ ఉంది. తెలియనిచోట కాలు గీయకండి, తెర మీద నల్లగా వదిలేసి "ఇది నాకు తెలియదు" అని రాయండి. లాయరు అరుస్తాడు, అరవనివ్వండి. ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఫోటోలన్నీ రెండుసార్లు చూడండి. చెప్పాను. కానీ దాంతో అయిపోలేదు.

కొన్ని నెలల తర్వాత ఇండియన్ గ్రోసరీ పార్కింగ్‌లో స్వప్న కనిపించింది. పక్కసీట్లోంచి దిగింది, నడిపింది కిరణ్. తప్పించుకుపోదామా అనుకున్నాను. ఆమే వచ్చింది.

"బాగున్నారా అంకుల్?"

"నేను బాగానే ఉన్నానమ్మా. నీకు చాలా అన్యాయం చేశాను."

"లాస్ట్‌లో మీరు చెప్పారు కదా అంకుల్, అది చాలు. స్కూల్ వాళ్ళు మళ్ళీ క్లాసులు తీసుకోమంటున్నారు."

"వెళ్తున్నావా మరి?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "నిమ్మకాయ సంగతి అందరికీ తెలుసు, నాకూ తెలుసు. కానీ ఆ రోజు గుర్తు చేసుకుంటే నాకు నా కాలు కనిపించట్లేదు అంకుల్. మీరు పెట్టిన గ్రే కాలే కనిపిస్తోంది, యాక్సిలరేటర్ మీద. బ్రేక్ తొక్కినట్టు ముందు బాగా గుర్తుండేది. లిండా ఆఫీసులో మూడుసార్లు చూపించారు కదా, అప్పట్నుంచి పోయింది. స్టీరింగ్ పట్టుకుంటే అదే ప్లే అవుతోంది. పక్కన స్టూడెంట్‌ని కూర్చోబెట్టుకుని ఎలా నేర్పను?"

ఇంటికొచ్చి పాత కంప్యూటర్ తెరిచాను. నెల రోజులు కూర్చున్నాను. మెతుకుల జోలికి పోలేదు. ఆమె కాలు, బ్రేకు, దాని కింద కాయ, కాయ చితకడం, ప్రతి క్షణం కొలత పెట్టుకుని చేశాను. నా జీవితంలో అంత నిక్కచ్చిగా ఉన్న వీడియో ఇంకోటి లేదు. స్వప్నకి పంపి, ఎన్నిసార్లయినా చూడమ్మా అని రాశాను.

రెండు రోజుల తర్వాత ఫోన్ చేసింది.

"చూశాను అంకుల్. చాలాసార్లు చూశాను. చాలా బాగుంది, థాంక్స్" అంది. తర్వాత నన్ను నొప్పించకూడదన్నట్టు నెమ్మదిగా అంది. "కానీ ఇది మీరు చేసిందని తెలిసిపోతోంది అంకుల్. ఆ మొదటిదే నిజంగా జరిగినట్టుంది."